జాడీ ఎన్నిసార్లు దించాం?



నందిగామకు రైలు స్టేషను లేదు. బస్టాండుంది, కోర్టుంది, ఊరి పక్కన మునేరుంది, హైదరాబాదు నుంచి బెజవాడ పోయే పెద్ద రోడ్డుంది. స్టేషను మాత్రం లేదు. జగ్గయ్యపేటకు పట్టాలున్నాయి. కానీ ఆ పట్టాలు సిమెంటు కోసం వేసినవి. మోటమర్రి దగ్గర పెద్ద లైను నుంచి చీలి జగ్గయ్యపేట వైపు వస్తాయి. వాటి మీద ముఖ్యంగా తిరిగేది గూడ్సు బండి.

మరి మనం రైలెక్కమా? ఎందుకెక్కం! ఖమ్మం పోవాలన్నా, వరంగల్లు పోవాలన్నా బస్సెక్కి మధిర వెళ్తాం. అక్కడ బండెక్కుతాం. కంచికచర్ల వైపు వాళ్లు కొండపల్లి చూసుకుంటారు. దూరాభారం ప్రయాణమైతే బెజవాడ ఉండనే ఉంది. 2014 తర్వాత మధిర తెలంగాణలో ఉంది, మనం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాం. అయినా మన మెట్ట ఊళ్లకు దగ్గరి రైలు గడప మధిరే.

ఈ రోజు ఆ గడప గురించి మాట్లాడుకుందాం. మన లైను ఎట్లా వచ్చింది, మన స్టేషన్లు ఇప్పుడు ఎట్లా మారుతున్నాయి అనేది చెబుతాను. దాంతోపాటు మీరు ఇంటి దగ్గర గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకే ఒక్కటి చెబుతాను. స్టేషను బాగుందో లేదో మనమే తేల్చుకునే చిన్న పరీక్ష అది. దానికి నేను పెట్టుకున్న పేరు జాడీ పరీక్ష.

ఆ పేరు ఎందుకొచ్చిందో ముందు చెబుతాను.

అవి బొగ్గింజను రోజులు. మా పిన్నిని వరంగల్లు ఇచ్చారు. ఏటా ఎండాకాలం ఆవకాయ పెట్టగానే మా అమ్మమ్మ ఒక జాడీ పిన్నికని పక్కన పెట్టేది. మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టేది. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, ఇక బయల్దేరేది. జాడీని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. చంకన పెట్టుకుని తనే మోసేది. తోడుగా నన్ను తీసుకెళ్లేది.

ఒక ఏడు ఏం జరిగిందో వినండి. స్టేషను పేరు చెప్పను. ఆ రోజుల్లో చాలా స్టేషన్లు అట్లాగే ఉండేవి. బస్సు దిగాం. స్టేషను ముందు నేలంతా ఎగుడుదిగుడు, కంకర. అమ్మమ్మ కాలు మడతపడబోయింది. జాడీ కింద దించింది. ఒకటి.

టిక్కెట్టు కిటికీ దగ్గర పెద్ద వరస. నెత్తిన ఎండ. నీడ లేదు. మళ్లీ దించింది. రెండు.

మా బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నారు. మెట్ల వంతెన ఎక్కాలి. సగం మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. అక్కడ దించింది. మూడు.

అవతలికి దిగాక బండి గంట ఆలస్యమన్నారు. కూర్చుందామంటే బల్ల ఖాళీ లేదు. నేల మీదే దించింది. నాలుగు.

చివరికి బండి వచ్చింది. ప్లాట్‌ఫారం కిందెక్కడో ఉంది. బోగీ తలుపు పైనెక్కడో ఉంది. అమ్మమ్మ ఛాతీ ఎత్తున ఉంది ఆ తలుపు. జాడీతో ఎట్లా ఎక్కుతుంది? నేల మీద పెట్టి నిలబడిపోయింది. అయిదు. లోపలున్న ఒక పెద్దాయన చెయ్యి చాపి, “ఇటివ్వండమ్మా” అని అందుకున్నాడు. నన్ను ఎవరో లోపలికి ఎత్తారు.

ఆ రాత్రి వరంగల్లులో అన్నాలు తినేటప్పుడు అమ్మమ్మ పిన్నితో అంది. “జాడీ అయిదుసార్లు దించానే అమ్మాయీ. అయినా నూనె చుక్క ఒలకలేదు.”

పిన్ని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటలో ఎంత విషయం ఉందో నాకు అప్పుడు తెలియదు. జాడీ దించిన ప్రతి చోటా స్టేషనులో ఒక లోపం ఉంది. అయిదుసార్లు దించింది. అయిదు లోపాలు.

జాడీ పరీక్ష అంటే అదే. స్టేషను గేటు నుంచి బండి మెట్టు దాకా బరువుతో నడవండి. ఎన్నిసార్లు దించాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. ఆ లెక్క ఎంత తక్కువైతే స్టేషను అంత మంచిది.

ఇక లైను కథకు వద్దాం. మన వైపుకు రైలు మనుషుల కోసం రాలేదు. సరుకు కోసం వచ్చింది.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు లైను వచ్చింది. వాడి అంటే బొంబాయి నుంచి మద్రాసు పోయే దారిలో ఉన్న జంక్షను. అక్కణ్ణించి నిజాం రాజధాని వైపు వచ్చిన మొదటి దారి అది. సికింద్రాబాదు స్టేషను అప్పుడే మొదలైంది. అంతకు మూడేళ్ల ముందే, 1871లో, విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. మనం సింగరేణి బొగ్గు అంటామే, దానికి మొదలు అది. బొగ్గు దొరికితే సరిపోదు, దాన్ని మొయ్యాలి. మొయ్యాలంటే రైలు కావాలి.

రైలుకు డబ్బు కావాలి. ఆ డబ్బు ఎట్లా తెచ్చారు? లండన్‌లో కంపెనీ పెట్టారు. వాటాలు అమ్మారు. వాటాదారులకు వడ్డీ తప్పకుండా అందుతుందని నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. మన ఊళ్లో ఒకరు అప్పు తీసుకుంటే ఇంకొకరు జామీను నిలబడతారు చూడండి, అట్లాగన్నమాట. అందుకే దాని పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పేరులోనే జామీను ఉంది.

అట్లా సికింద్రాబాదు నుంచి లైను ముందుకు సాగి వరంగల్లు దాటింది. డోర్నకల్ దాటింది. ఖమ్మం, మధిర మీదుగా కిందికి దిగింది. 1889లో బెజవాడ చేరింది. మధిర అప్పుడు నిజాం ఇలాకా. కొండపల్లి ఇంగ్లీషు వాళ్ల ఇలాకా. రెండు రాజ్యాలను కలిపింది ఒకటే పట్టాల జత. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య లింకు కలిసింది. దాంతో మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. అప్పటిదాకా మనకు బెజవాడ దారిగా ఉన్న లైను దేశానికి వెన్నెముక అయింది.

తర్వాత 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను తన చేతిలోకి తీసుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక అది భారత రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1980లలో మన లైను మీదికి కరెంటు తీగలొచ్చాయి. బొగ్గింజను వెళ్లిపోయింది.

చూశారా? బొగ్గు కోసం వేసిన దారిలో మనుషులు ఎక్కారు. మిరప బస్తాలు ఎక్కాయి. పాల క్యానులు ఎక్కాయి. పుస్తకాల సంచులు ఎక్కాయి. గోల్కొండ, కృష్ణా, శాతవాహన, ఈ బండ్ల పేర్లు మన ఇళ్లల్లో చుట్టాల పేర్లలా వినపడేవి. కానీ స్టేషన్లు మాత్రం చాలాకాలం బండి అవసరానికి తగ్గట్టుగానే ఉండిపోయాయి. ఇంజనుకు నీళ్లెక్కడ పట్టాలి, బొగ్గెక్కడ వెయ్యాలి, గూడ్సు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ పద్ధతిగా కుదిరాయి. జాడీ ఎక్కడ దించాలి అన్నది ఎవరూ ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ ఆలోచన మొదలైంది. అందుకే ఈ ప్రసంగం.

2022 డిసెంబరులో రైల్వే శాఖ అమృత్ భారత్ స్టేషన్ల పథకం తెచ్చింది. దేశంలో 1,300కు పైగా స్టేషన్లను దీని కింద బాగుచేస్తున్నారు. 2023 ఆగస్టు 6న ఒకే రోజు 508 స్టేషన్ల పనులకు శంకుస్థాపన జరిగింది. ఆ 508లో మన మధిర ఉంది. ఖమ్మం ఉంది. మన లైనులోనే ఉన్న వరంగల్లు స్టేషను పని ముందుగా పూర్తయింది. 2025 మే 22న ప్రారంభించారు. ముఖద్వారానికి కాకతీయుల శిల్పం పోలికలు తెచ్చారు. అదే రోజు హైదరాబాదు బేగంపేట స్టేషను కూడా ప్రారంభమైంది. రోజూ ఉద్యోగాలకు తిరిగేవాళ్లు వాడుకునే స్టేషను అది. అక్కడ సిబ్బంది అంతా ఆడవాళ్లే.

బాగుచెయ్యడం అన్నప్పుడు ఒక మాట అనుకోవాలి. పాత ఇల్లు బాగుచేసేటప్పుడు మన పెద్దలు ఏం చేస్తారు? మండువా లోగిలి అనుకోండి. కారే పెంకులు తీసేస్తారు. వాసాలకు చెద పడితే మారుస్తారు. వంటగది పెద్దది చేస్తారు. కానీ టేకు ద్వారబంధం జోలికి పోరు. దాని మీద తాతల చేతి పని ఉంటుంది. పెళ్లికూతురు కుడికాలు పెట్టి లోపలికొచ్చిన గడప అది.

స్టేషను కూడా అంతే. హైదరాబాదులో కాచిగూడ స్టేషను చూడండి. 1916లో కట్టారు. గుమ్మటాలు, మినార్లు, పెద్ద పెద్ద కమానులు. వందేళ్లు దాటినా అదే భవనం, అదే ముఖం. లోపల మాత్రం ఈ కాలపు వసతులన్నీ ఉన్నాయి. ద్వారబంధం ఉంచి ఇల్లు బాగుచేసుకోవడమంటే అదీ. సికింద్రాబాదులో ఇంకో దారి పట్టారు. అక్కడ సుమారు 700 కోట్ల రూపాయలతో స్టేషనంతా కొత్తగా కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. 2025లో పాత ముఖద్వారం కమానులు తీసేశారు. రద్దీకి చోటు చాలడం లేదన్నది నిజం. ఆ కమానుల కింద ఎవరికోసమో ఎదురుచూసిన వాళ్ల గుండె కలుక్కుమన్నదీ నిజమే.

నా మనసులో మాట చెబుతాను. పాతదాన్ని ఉంచగలిగిన చోట ఉంచాలి. ఉంచలేని చోట కనీసం దాని గుర్తు ఒక్కటైనా మిగల్చాలి. ఒక పాత గంట, ఒక రాతి పలక, లైను ఎప్పుడొచ్చిందో చెప్పే ఒక బోర్డు. మధిరలో బండి కోసం ఎదురుచూసే పిల్లవాడికి 1889 అనే అంకె కనపడాలి. ఈ దారి వయసు తెలిస్తే వాడు దాన్ని తాతలాగా చూస్తాడు. గోడ మీద గీతలు గియ్యడు.

అయితే ముఖద్వారం ఎంత అందంగా ఉన్నా మన పరీక్ష వేరే ఉంది. గుర్తుందిగా? జాడీ ఎన్నిసార్లు దించాం?

ఆ అయిదు చోట్లకూ మళ్లీ వెళ్దాం రండి. ఈసారి అమ్మమ్మ కళ్లతో చూద్దాం.

మొదటి చోటు, స్టేషను ముందు నేల. ఆటోలు ఒక పక్క, నడిచేవాళ్లు ఒక పక్క పోయేట్టు దారి విడగొట్టాలి. కళ్లు కనపడనివాళ్ల కోసం పసుపుపచ్చ గరుకు పలకలు నేలలో పరుస్తారు. ఆ గరుకు కాలికి తగులుతూ ఉంటే దారి తెలుస్తుంది. ఆ పలకల మీద మోటారు సైకిలు పెట్టకూడదు. అది మన వంతు.

రెండో చోటు, టిక్కెట్టు కిటికీ. అక్కడ నీడ కావాలి. తాగే నీళ్లు కావాలి. మన మెట్టలో ఎండ ఎట్లా ఉంటుందో నేను మీకు చెప్పాలా?

మూడో చోటు, వంతెన. ఇక్కడ కాస్త లెక్క ఉంది. జాగ్రత్తగా వినండి. కరెంటు తీగ పట్టాల నుంచి సుమారు అయిదున్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. వంతెన దానికన్నా పైన ఉండాలి. అంటే ఆరున్నర మీటర్లు అనుకోండి. ఆరంగుళాల ఎత్తున మెట్టు కడితే, నలభై మెట్లకు పైమాటే. రెండు మేడలెక్కినంత. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది కొండ. మెట్లు వద్దు, ఏటవాలు దారి కడదాం అంటారా? చక్రాల కుర్చీ తేలిగ్గా పోవాలంటే ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు కావాలి. ఆరున్నర మీటర్లకు డెబ్భై ఎనిమిది మీటర్లు. అంత చోటు ఎక్కడ తెస్తాం? అందుకే లిఫ్టు కావాలి. లిఫ్టు సోకు కోసం పెట్టేది కాదు. పైన తీగ ఉంది కాబట్టి పక్కన లిఫ్టు ఉండాలి. మళ్లీ చెబుతున్నాను. పైన తీగ ఉంది కాబట్టి పక్కన లిఫ్టు ఉండాలి. ఉంటే చాలదు, పనిచెయ్యాలి కూడా.

నాలుగో చోటు, ఎదురుచూసే బల్ల. బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ముందే చెబితే సగం ఆయాసం తగ్గుతుంది. చివరి నిమిషంలో మార్చి చెబితే లిఫ్టు ఉన్నా ఉపయోగం లేదు. ముసలివాళ్లు పరుగెత్తలేరు.

అయిదో చోటు, బండి మెట్టు. బోగీ నేల పట్టాల నుంచి 120 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. పూర్వం చాలా ప్లాట్‌ఫారాలు దాదాపు పట్టాల ఎత్తునే ఉండేవి. అందుకే మా అమ్మమ్మకు తలుపు ఛాతీ దాకా వచ్చింది. ఇప్పుడు ఎత్తు ప్లాట్‌ఫారమంటే 76 నుంచి 84 సెంటీమీటర్లు. అప్పుడు మిగిలేది మూరెడు ఎత్తు. మధ్యలో ఒక మెట్టు. జాడీతో ఎక్కవచ్చు. ప్లాట్‌ఫారం ఎత్తు పెంచడం ఫొటోలో కనపడే పని కాదు. కానీ ఒక ముసలమ్మకు అంతకంటే గొప్ప మరమ్మతు లేదు.

ఇప్పుడు మీరు చెయ్యగల పని చెబుతాను. ఒకే ఒక్క పని.

ఈసారి మధిర వెళ్లినప్పుడు, ఖమ్మం వెళ్లినప్పుడు, బెజవాడ వెళ్లినప్పుడు, అరగంట ముందే చేరండి. మీ ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. గేటు దగ్గర్నుంచి బోగీ తలుపు దాకా వాళ్ల నడకతో నడవండి. వాళ్లు ఎక్కడ ఆగారో చూడండి. ఎక్కడ చెయ్యి అడిగారో చూడండి. సంచి ఎక్కడ కింద పెట్టారో లెక్కపెట్టండి. ఆ లెక్క రాసుకోండి. రాసుకున్నది చెప్పండి. స్టేషనులో ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఫోనులో 139కి చేస్తే వింటారు. ఒకటి, మూడు, తొమ్మిది. గుర్తుంచుకోవడం తేలికే.

చెప్పేటప్పుడు కోపం అక్కర్లేదు. స్టేషను బాగాలేదు అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. రెండో ప్లాట్‌ఫారం మీద వంతెన దిగిన చోట నీళ్ల కుళాయి లేదు అంటే పని చేసేవాడికి చోటు తెలుస్తుంది. దర్జీ దగ్గర మనం ఏమంటాం? చొక్కా బాగాలేదు అంటామా? చంక దగ్గర బిగుసుకుంది అంటాం. అట్లా చెప్పాలి.

ఇంకొక మాట. చొక్కా కుట్టక ముందు చెబితే గుడ్డ పాడు కాదు. కాంక్రీటు పొయ్యక ముందు చెబితే గోడ పగలగొట్టక్కర్లేదు. మన వైపు కుట్టబోయే చొక్కాలు ఇంకా ఉన్నాయి. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు కొత్త లైను మంజూరు చేసింది. 57 కిలోమీటర్లు. ఖర్చు 2,245 కోట్ల రూపాయలు. కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన. అది మన పరిటాల వైపు నుంచి పోతుంది. నందిగామకు స్టేషను లేకపోయినా, మన పక్కనే కొత్త స్టేషన్లు రాబోతున్నాయన్నమాట. జగ్గయ్యపేట లైను మీద ప్యాసింజరు బండి తిప్పమని జనం ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. బొగ్గు కోసం వేసిన దారిలో మనుషులెక్కినప్పుడు, సిమెంటు కోసం వేసిన దారిలో ఎందుకెక్కకూడదు? ఆ రోజు రావాలని నేనూ కోరుకుంటున్నాను. వచ్చిన రోజున అక్కడి ప్లాట్‌ఫారం మన అమ్మమ్మలకు సరిపోయే ఎత్తున ఉండాలని కూడా కోరుకుంటున్నాను.

మళ్లీ ఒక్కసారి చెప్పి ముగిస్తాను. స్టేషను ముఖం చూసి మురవండి, తప్పులేదు. తర్వాత గేటు నుంచి బండి మెట్టు దాకా బరువుతో నడవండి. జాడీ ఎన్నిసార్లు దించారో లెక్కపెట్టండి. లెక్కపెట్టింది చెప్పండి.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. జాడీ ఉంది. మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడింది, అంతే. ఇప్పుడు మా ఆవిడ దాంట్లోనే ఆవకాయ పెడుతుంది. మా అమ్మాయి ఖమ్మంలో ఉంటుంది. వచ్చే ఎండాకాలం ఆ జాడీకి వాసెన కట్టి, మధిర నుంచి మేమిద్దరం బయల్దేరతాం. లెక్కపెడతాను. ఒకే ఒక్కసారి దించాలని నా ఆశ. సీటు కింద.